కనబడుట లేదు: గోదావరి డెల్టా అదృశ్యాల వెనక అప్పు, పరువు, గల్ఫ్, నీళ్లు

జిల్లా ఎడిషన్ లోపలి పేజీల్లో ఆ వార్తకు నాలుగైదు లైన్లకు మించి చోటు దొరకదు. వయసు 42, చామనఛాయ, ఎత్తు ఐదడుగుల నాలుగంగుళాలు, ఇంటి నుంచి వెళ్లేటప్పుడు నీలం గళ్ల లుంగీ, తెల్ల చొక్కా, కుడి ముంజేతి మీద వేంకటేశ్వరస్వామి పచ్చబొట్టు. పని మీద బయటికి వెళ్లి తిరిగి రాలేదని భార్య ఫిర్యాదు, ఎస్సై కేసు నమోదు, ఆచూకీ తెలిస్తే ఫోన్ చేయాల్సిన నంబరు. తణుకులో అయినా తాటిపాకలో అయినా వరస ఇదే. పేరూ పచ్చబొట్టూ మారతాయంతే.

ఇలాంటి వార్తల్లో ఎవరూ పట్టించుకోనివి రెండు తేదీలు. ఒకటి మనిషి ఇల్లు విడిచిన తేదీ, రెండోది ఇంటివాళ్లు స్టేషన్ మెట్లెక్కిన తేదీ. కొన్నిటిలో ఆ రెంటికీ మధ్య గంటల తేడానే ఉంటుంది. కొన్నిటిలో నాలుగు రోజులు, కొన్నిటిలో నెల. డెల్టాలో మనుషులు ఎందుకు మాయమవుతున్నారు, మాయమైనవాళ్లలో కొందరు ఎందుకు ఎప్పటికీ దొరకరు అన్న ప్రశ్నలకు సగం జవాబు ఈ ఎడంలోనే ఉంది. చెప్పుకోడానికి ఇంటివాళ్లు మొహమాటపడని మనిషి కోసం ఆ రాత్రే ఊరంతా టార్చిలైట్లు పట్టుకుని తిరుగుతుంది. వెళ్లిన కారణం నలుగురిలో చెప్పుకోలేనిదైతే ముందు తలుపులు వేసుకుంటారు, తర్వాత బంధువులకు ఫోన్లు చేస్తారు, అన్నీ అయ్యాక పోలీసుల దగ్గరికి వెళ్తారు. అప్పటికి సెల్ టవర్ లొకేషన్ చల్లారిపోతుంది, బస్టాండు సీసీ కెమెరాలో పాత రికార్డింగు చెరిగిపోతుంది.

ఇరవై నాలుగు గంటలు గడిస్తే తప్ప పోలీసులు ఫిర్యాదు తీసుకోరని ఇప్పటికీ చాలామంది నమ్మకం. అలాంటి నిబంధన ఏ చట్టంలోనూ లేదు. ‘చుట్టాలిళ్లలో చూసుకుని రండి’ అని పంపేసే స్టేషన్లు ఉన్న మాట మాత్రం నిజం. పిల్లల విషయంలో ఆ వెసులుబాటు కూడా లేదు. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలు కనబడకపోతే అపహరణో అక్రమ రవాణానో జరిగిందని భావించి వెంటనే ఎఫ్‌ఐఆర్ కట్టాలని 2013 మే 10న బచ్‌పన్ బచావో ఆందోళన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పెద్దవాళ్లకు అలాంటి రక్షణ లేదు. ‘మ్యాన్ మిస్సింగ్’, ‘ఉమన్ మిస్సింగ్’ అని కేసు కడతారు. ఆ ఒక్క శీర్షిక కిందే ప్రేమ పెళ్లి, చీటీల ఎగవేత, మతిమరుపు, ఆత్మహత్య, హత్య అన్నీ సర్దుకుపోతాయి.

ముప్పై వేల లెక్క

2023 జూలైలో ఏలూరు వారాహి సభలో పవన్ కల్యాణ్ రాష్ట్రంలో దాదాపు 30 వేల మంది మహిళలు అదృశ్యమయ్యారని అని, అప్పటి గ్రామ, వార్డు వలంటీర్ల వైపు వేలెత్తి చూపించడంతో పెద్ద రగడ జరిగింది. అదే నెలలో కేంద్ర హోం శాఖ పార్లమెంటు ముందుంచిన లెక్క ప్రకారం 2019 నుంచి 2021 వరకు మూడేళ్లలో ఆంధ్రప్రదేశ్‌లో కనబడకుండా పోయినట్టు నమోదైన పద్దెనిమిదేళ్లు దాటిన మహిళలు 22,278 మంది, బాలికలు 7,918 మంది. రెండూ కలిపితే 30,196. దేశం మొత్తం మీద ఆ మూడేళ్ల సంఖ్య 13 లక్షల 13 వేలు దాటింది. ఒక పక్షం ఆ అంకెను ముప్పై వేల మంది మాయమైనట్టే చదివింది. రెండో పక్షం వాళ్లలో ఎక్కువమంది ఇంటికి చేరారు గనక సమస్యే లేదన్నట్టు చదివింది.

రెండు చదువులూ తప్పే. అది ఫిర్యాదుల లెక్క. పొద్దున ఫిర్యాదు ఇచ్చి సాయంత్రానికి ఇంటికి చేరిన అమ్మాయి కూడా అందులో ఒక అంకె. నిజంగా అడగాల్సింది ఏడాది చివరికి ఇంకా దొరకనివాళ్లు ఎంతమంది, వాళ్లలో మూడేళ్లూ ఐదేళ్లూ దాటినవాళ్లు ఎంతమంది అని. జాతీయ నేర గణాంక సంస్థ పట్టికల్లో పాత బకాయి, కొత్త ఫిర్యాదులు, దొరికినవాళ్లు, మిగిలినవాళ్లు అని విడివిడి గడులు ఉంటాయి. సభల్లో ఆ చివరి గడి ఎవరూ చదవరు. ఇంకోటి, ఆ రగడ మొత్తంలో మగవాళ్ల ప్రస్తావన రాలేదు. మగాడు పోతే ఎక్కడో బతికే ఉంటాడులే అని లోకం అనుకుంటుంది. డెల్టా అప్పుల సంగతి తెలిసినవాళ్లు అలా అనుకోలేరు.

పదిహేడూ పద్దెనిమిదీ

యువతి అదృశ్యం అని వచ్చే వార్తల్లో పెద్ద వాటా ప్రేమ పెళ్లిళ్లది. కథ ఎలా నడుస్తుందో స్టేషన్ రైటరుకి కంఠతా వచ్చు. అమ్మాయి కాలేజీకని బయల్దేరుతుంది. సాయంత్రం దాటాక ఇంట్లో గుబులు మొదలవుతుంది. పక్కింటావిడ అడిగితే వాళ్ల అమ్మమ్మగారింటికి వెళ్లిందని తల్లి చెబుతుంది. పెద్దమనుషులకు కబురు వెళ్తుంది. అబ్బాయి కులం వేరైతే ఆ మంతనాలు రెండు మూడు రోజులు సాగుతాయి. ఫిర్యాదు ఇచ్చేసరికి అన్నవరం కొండ మీదో ద్వారకా తిరుమలలోనో దండలు మార్చుకున్న ఫొటో, పదో తరగతి సర్టిఫికెట్ పట్టుకుని జంట ఎస్పీ ఆఫీసులో కూర్చుని ఉంటుంది. మా ఇద్దరికీ మేజారిటీ వచ్చింది, మాకు రక్షణ కావాలి అంటుంది. అమ్మాయి ఇష్టపడే వెళ్లానని వాంగ్మూలం ఇస్తే కేసు మూసేస్తారు.

ఇందులో కీలకం ఆ సర్టిఫికెట్టే. పుట్టిన తేదీ ప్రకారం పద్దెనిమిది నిండడానికి నెల తక్కువైనా కథ మారిపోతుంది. 2024 జూలై 1కి ముందైతే ఐపీసీ 363, ఇప్పుడైతే భారతీయ న్యాయ సంహిత 137 కింద కిడ్నాప్. దానికి పిల్లల మీద లైంగిక నేరాల చట్టం, పోక్సో తోడైతే పంతొమ్మిదేళ్ల కుర్రాడు జైలుకు వెళ్తాడు.

అసలు నష్టం ఇంకోచోట ఉంది. ఎక్కువ కేసులు ప్రేమ వ్యవహారాలే గనక ప్రతి కేసునూ అలాగే చూసే అలవాటు వీధికీ వచ్చింది, స్టేషన్‌కీ వచ్చింది. ‘ఎవడితోనో పోయుంటుందిలే’ అన్న మాట పడ్డాక ఇక వెతుకులాట నీరుగారిపోతుంది. ఇన్‌స్టాలో పరిచయమైనవాడు ఉద్యోగం ఆశ చూపి తీసుకుపోయిన పిల్ల, ఇంట్లో మేనమామ వరస బలవంతపు పెళ్లి తప్పించుకోడానికి రైలెక్కిన పిల్ల, హింస భరించలేక బిడ్డను చంకనేసుకుని వెళ్లిపోయిన కోడలు, అందరూ ఆ ఒక్క తీర్పు కిందికే వస్తారు. అత్తింట్లో హత్య జరిగిన కేసులోనూ మొదట వినిపించేది ఆ మాటే. చంపినవాడికి అంతకు మించిన రక్షణ ఏముంటుంది? భార్య కనబడటం లేదని భర్త చెబుతున్నప్పుడు ఆవిడ బంగారం, ఫోను, చెప్పులు ఇంట్లో ఉన్నాయా లేవా అని మొదటి రోజే చూసిన ఎస్సైకీ, పది రోజుల తర్వాత చూసిన ఎస్సైకీ దొరికే కేసు ఒకటి కాదు.

‘ఊరెళ్లారండీ’

భీమవరం, ఉండి, కాళ్ల, ఆకివీడు వైపు కనబడకుండా పోయే నడివయసు మగవాళ్ల గురించి వాకబు చేస్తే నూటికి ఎక్కువపాళ్లు తేలేది అప్పు. డెల్టా అప్పు ఒక్క బ్యాంకుతో పోయేది కాదు. రొయ్యల చెరువు సంగతే చూస్తే చాలు. 2009లో వనామీ రకం రొయ్యకు అనుమతి వచ్చాక వరి చేలు చెరువులయ్యాయి. సొంత పొలం లేనివాడు కూడా ఎకరానికి ఇంతని కౌలుకు తీసుకుని దిగాడు. సీడు, అంటే రొయ్యపిల్లలు అరువు, మేత డీలరు దగ్గర అరువు, మందులు అరువు, నీళ్లలో గాలి ఆడించే ఏరియేటర్లకు కరెంటు బిల్లు బాకీ. పట్టుబడి రోజున, అంటే చెరువులో రొయ్య పట్టిన రోజున వచ్చే డబ్బులో ముందు డీలరు పద్దు తెగాలి, తర్వాత కౌలు, ఆ తర్వాత వడ్డీ వ్యాపారి. తెల్లమచ్చ తెగులు తగిలి నలభయ్యో రోజున రొయ్య తేలిపోయిందంటే తెగాల్సిన పద్దులన్నీ అలాగే మిగిలిపోతాయి. తెగులు రాకపోయినా ధర పడిపోవచ్చు. 2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు రొయ్య సైజును బట్టి పలికే కౌంటు ధరలు ఎలా జారాయో చెరువు గట్టు మీదున్న ఎవరినడిగినా చెబుతారు. ఒక పంట పోయినవాడు దాన్ని పూడ్చుకోడానికి రెండో పంట వేస్తాడు. ఈసారి భార్య మెడలోది తాకట్టుకు వెళ్తుంది.

దీనికి చీటీలు తోడవుతాయి. 1982 చిట్‌ఫండ్స్ చట్టం కింద రిజిస్టరైన చీటీలు కొన్నైతే నోటిమాట మీద నడిచేవి ఇంకెన్నో. వీధిలో నమ్మకస్తురాలని పేరున్న ఒకావిడ నెలకు ఐదు వేల చొప్పున నలభై మందితో కట్టిస్తుంది. పాడుకున్నవాళ్లలో ఇద్దరు ఎగ్గొడితే ఆవిడ తన చేతిలోంచి పెట్టాలి. అలా రెండేళ్లు నెట్టుకొచ్చి, మూడో ఏడు ఒక తెల్లవారుజామున ఇంటికి తాళం వేసి కుటుంబంతో సహా వెళ్లిపోతుంది. మర్నాడు ఆ తాళం ముందు వంద మంది ఉంటారు. సంక్రాంతి బరుల్లో పందేలు కాసినవాళ్లు, క్రికెట్ బెట్టింగుల్లో దిగినవాళ్లు కూడా ఈ దారినే పోతారు. 2020లో రాష్ట్ర గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించినా ఫోనులో పందెం ఆగలేదు, లోన్ యాప్ వేధింపులూ ఆగలేదు.

ఈ అదృశ్యాలకు చట్టబద్ధమైన అన్న ఒకడున్నాడు. వాడి పేరు ఐపీ. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కింద దివాలా పిటిషన్ వేయడాన్నే ఇక్కడ ఐపీ పెట్టడం అంటారు. ఇరవై మంది అప్పులవాళ్లకు ఒకే రోజు కోర్టు నోటీసులు అందితే ఊరికి విషయం తెలుస్తుంది. పెద్ద మొత్తాలవాడు లాయరును పెట్టుకుని ఐపీ పెడతాడు, కొన్నాళ్లు బెంగళూరులో ఉండి వస్తాడు. చిన్న మొత్తాలవాడికి ఆ తెలివీ ఉండదు, ఆ ఖర్చూ పెట్టుకోలేడు. ఫోన్ ఆపేసి బస్సెక్కుతాడు. కూకట్‌పల్లిలో అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌గానో చెన్నై శివార్లలో హోటల్లోనో తేలతాడు. మూడెకరాల రైతు గేటు దగ్గర స్టూలు మీద కూర్చుని కార్ల నంబర్లు రాసుకోవడం ఈ ప్రాంతానికి కొత్త కాదు.

అప్పులవాళ్లు ఇంటికొస్తే భార్య చెప్పే జవాబు ఒకటే. ‘ఊరెళ్లారండీ, రేపో ఎల్లుండో వచ్చేత్తారు.’ ఆవిడకు నిజంగా తెలిసే చెబుతుందా, తెలియకా అన్నది బయటివాళ్లకు అంతుపట్టదు. తెలిసిన చోట మిస్సింగ్ ఫిర్యాదు ఒక గొడుగు. కేసు పెట్టాం, పోలీసులే వెతుకుతున్నారు అని చెబితే అప్పులవాళ్లు కొన్నాళ్లు తగ్గుతారు. ఫిర్యాదు నాటకమేమోనని పోలీసుల అనుమానం కూడా అందుకే. తెలియని చోట పరిస్థితి ప్రమాదకరం. మొగుడు పోయాడని తెలిస్తే అందరూ ఒకేసారి ఇంటి మీద పడతారని ఆవిడ నాలుగు రోజులు బిగపట్టుకుంటుంది. ఆ నాలుగు రోజులూ అతను ఏ లాడ్జిలోనో ఒంటరిగా, చావా బతుకా అని ఊగిసలాడుతూ ఉండవచ్చు. ఉత్తరం రాసిపెట్టి వెళ్లినా, ‘పిల్లల్ని జాగ్రత్తగా చూసుకో’ అని మెసేజ్ పెట్టినా అప్పులవాళ్ల సంగతి తర్వాత, ముందు 112కి ఫోన్ చేయాలి. ఫోన్ ఇంకా మోగుతుండగా ఫిర్యాదు అందిన కేసుల్లో లొకేషన్ పట్టుకుని ప్రాణాలతో తీసుకొచ్చిన వార్తలు తరచూ కనిపిస్తూనే ఉంటాయి. బతకాలని లేదన్న ఆలోచనతో ఉన్నవాళ్లు నేరుగా మాట్లాడటానికి 14416, టెలీ మానస్, తెలుగులోనే పలుకుతుంది.

ఖద్దామా వీసా

వలస వెళ్లి ఆచూకీ లేకుండా పోవడం ఈ నేలకు పాత అనుభవమే. బర్మాలో తెలుగు కూలీలను కోరంగి రేవు పేరు మీద కోరంగీలనే పిలిచేవారు. 1941 డిసెంబరులో రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాక అస్సాం వైపు కాలినడకన బయల్దేరినవాళ్లలో ఎందరు దారిలో రాలిపోయారో ఇక్కడి ఇళ్లకు తెలియనే లేదు. ఇప్పుడు ఆ చోటులో కువైట్, ఒమన్, ఖతార్ ఉన్నాయి. తేడా ఏమిటంటే కోనసీమ నుంచి, నరసాపురం వైపు నుంచి ఖద్దామాలుగా, అంటే ఇంటిపనికి వెళ్తున్నది ఎక్కువగా ఆడవాళ్లు.

విదేశీ వలసలకు 1983 నాటి చట్టం ఉంది. ఈసీఆర్ పాస్‌పోర్టు (పనికి వెళ్లేముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవాల్సిన రకం) మీద ఇంటిపనికి వెళ్లే మహిళకు ముప్పై ఏళ్లు నిండాలి. రిక్రూటింగ్ ఏజెంటుకు కేంద్రం ఇచ్చిన రిజిస్ట్రేషన్ ఉండాలి. ఊళ్లో కనిపించే ఏజెంటుకు అవేవీ ఉండవు. అతను అసలు ఏజెంటుకి మనుషుల్ని పోగేసే సబ్ ఏజెంటు, చాలాసార్లు చుట్టమే. ఇరవై ఆరేళ్ల మనిషిని ముప్పై ఒకటని కాగితాల్లో చూపిస్తాడు, లేదా విజిట్ వీసా మీద ముందు దుబాయ్ పంపి అక్కణ్నుంచి మళ్లిస్తాడు. కూతురు గల్లంతయిందని తల్లి పరిగెత్తినప్పుడు ఈ అబద్ధాలే అడ్డుపడతాయి. పాస్‌పోర్టులో పుట్టిన తేదీ వేరు, ఒక్కోసారి ఇంటిపేరు వేరు. దిగిన దేశం ఒకటి, పనిచేసే దేశం ఇంకొకటి. తల్లి దగ్గర ఉండేది ఒక వాట్సాప్ నంబరు, డిస్‌ప్లే ఫొటోలో ఎవరో అరబ్బు పిల్లవాడు.

అక్కడికి వెళ్లాక మాట ఆగిపోవడానికి దారులు చాలా. యజమానురాలు ఫోన్ లాక్కుంటుంది, అది మొదటి నెలల్లోనే. జీతం ఇవ్వకపోతేనో కొడితేనో పనిమనిషి ఆ ఇంట్లోంచి పారిపోయి తెలిసినవాళ్ల ద్వారా బయట పని చూసుకుంటుంది. అలాంటివాళ్లను అక్కడి తెలుగువాళ్లు ఖల్లివెల్లి అంటారు. కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని వెంటనే పరారీ కేసు పెడతాడు, అక్కడ ఉండటానికిచ్చే అనుమతి, అకామా, రద్దవుతుంది. అక్కణ్నుంచి ఆవిడ ఆ దేశం దృష్టిలో దొంగ, ఇంటి దృష్టిలో మిస్సింగ్. ఫోన్ చేస్తే పట్టుబడతానని భయపడి నెలల తరబడి చేయదు. 2018లో, మళ్లీ 2020లో కువైట్ క్షమాభిక్ష ప్రకటించినప్పుడు ఇలా దాక్కున్నవాళ్లలో చాలామంది బయటికొచ్చి విమానం ఎక్కారు. జైల్లో ఉన్నవాళ్లు, ఆసుపత్రిలో మతిలేకుండా పడి ఉన్నవాళ్లు, మార్చురీలో కాగితాల కోసం ఆగిన శవాలు మిగతా దారులు. అక్కడే ఇంకో మనిషితో కొత్త సంసారం పెట్టుకుని కావాలనే పాత నంబరు తీసేసినవాళ్లూ ఉన్నారు. వాళ్లను బాధితుల పట్టికలో వేయడం అంత నిజాయతీ అయిన పని కాదు.

ఇక్కడి స్టేషన్‌లో ఫిర్యాదు ఇస్తే కేసు ఏజెంటు మీద అవుతుంది. మనిషిని వెతకాల్సింది అక్కడి రాయబార కార్యాలయం. విదేశాంగ శాఖ 2015లో తెచ్చిన మదద్ పోర్టల్లో ఫిర్యాదు పెడితే దానికో నంబరు వస్తుంది, ఎక్కడిదాకా వచ్చిందో చూసుకోవచ్చు. రాష్ట్రంలో ప్రవాసాంధ్రుల కోసం ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీ ఉంది. ఈ రెండూ పనిచేయాలంటే పాస్‌పోర్టు నకలు, వీసా నకలు, కఫీల్ పేరు కావాలి. వెళ్లేముందు ఆ మూడు కాగితాల ఫొటో ఇంట్లో ఒకరి ఫోనులో ఉంచిన కుటుంబం, ఉంచని కుటుంబం అని గల్ఫ్ మిస్సింగులను రెండుగా విడదీయొచ్చు. ఇంతా తెలిసీ ఇళ్లవాళ్లు ఆలస్యం చేయడానికి కారణం ఏజెంటు బావమరిది కావడం, పంపడానికి చేసిన అప్పు ఆవిడ పంపే డబ్బుతోనే తీరాల్సి ఉండటం.

చప్పున దొరికేవాళ్లు

ఊరంతా వెంటనే వెతికేవాళ్లు వేరే ఉన్నారు. మతిమరుపుతో దారితప్పిన ముసలివాళ్లు, తీర్థాల్లో చెయ్యి జారిన పిల్లలు. అంతర్వేది రథోత్సవంలో, జగ్గన్నతోట ప్రభల తీర్థంలో, శనివారాల వాడపల్లిలో మైకులో పిలుపు వినిపిస్తూనే ఉంటుంది. 2015 పుష్కరాల్లో రాజమండ్రి ఘాట్లలోనూ ఇదే సందడి, 2027లో మళ్లీ తప్పదు. ఇందులో ఎవరి పరువూ పోయేది లేదు గనక గంటలోపే అందరికీ తెలుస్తుంది, గంటల్లోనే దొరుకుతారు. వాట్సాప్ గ్రూపులు నిజంగా పనికొచ్చేది ఈ ఒక్క విషయంలోనే. పరీక్ష ఫలితాల రోజుల్లో ఇల్లు విడిచిన పిల్లలది కొంచెం కష్టం, వాళ్లు దాక్కుంటారు. కోనసీమ లోపలికి ఇంకా రైలు రాలేదు గనక అటు పిల్లల్లో ఎక్కువమంది రావులపాలెం బస్టాండు మీదుగానే పోతారు. ఇటువైపు నిడదవోలు, తాడేపల్లిగూడెం, సామర్లకోట ప్లాట్‌ఫారాల మీద రైల్వే రక్షణ దళం ముందు చూసేది ఒంటరి పిల్లల్నే. పిల్లల సహాయ నంబరు 1098కి చేసిన ఫోన్ మొదటి రాత్రికి పనికొచ్చినంత మూడో రోజుకు పనికిరాదు.

నీళ్లూ సరిహద్దులూ

డెల్టాలో ప్రతి వెతుకులాటా ఏదో ఒక దశలో నీళ్ల వైపు చూడాల్సిందే. నీళ్లకు కాలాన్ని బట్టి స్వభావం మారుతుంది. జూలై, ఆగస్టు వరదల్లో ధవళేశ్వరం బ్యారేజీ 175 గేట్లూ ఎత్తి ఉన్నప్పుడు నదిలో కొట్టుకుపోయిన మనిషి గౌతమిలోకి వెళ్తాడో వశిష్ఠలోకి వెళ్తాడో, అక్కణ్నుంచి వైనతేయ పాయ పట్టుకుంటాడో చెప్పలేం. సముద్రం దాకా పోతే ఇక దొరకడు. వరద తగ్గాక పాయల్లో పోటూ పాటూ మొదలవుతాయి. శవం పోటుకు ఎగువకు వచ్చి పాటుకు దిగువకు పోతూ లంకల మధ్యే రోజుల తరబడి తిరగవచ్చు. కాలువలది మరో పద్ధతి. నరసాపురం కాలువలోనో అమలాపురం కాలువలోనో పడినవాడు లాకుల దగ్గర, వంతెన స్తంభాలకు చిక్కిన గుర్రపుడెక్కలో ఆగుతాడు. లాకు దగ్గర పనిచేసేవాళ్లు, చేపల వల వేసేవాళ్లు ముందు చూస్తారు. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు అడుగున మోటారు సైకిలూ దానితోపాటు పాత మిస్సింగ్ కేసుకు జవాబూ బయటపడిన సందర్భాలుంటాయి.

ఇక్కడే కాగితం తిరకాసు. మనిషి పోయింది ఒక స్టేషన్ పరిధిలో, శవం తేలేది పాతిక కిలోమీటర్ల కింద ఇంకో స్టేషన్ పరిధిలో. అక్కడ వీఆర్వో ఫిర్యాదు మీద ‘గుర్తు తెలియని మృతదేహం’ అని మరో కేసు అవుతుంది, శవ పంచాయతీ చేస్తారు, సాధారణంగా మూడు రోజులు మార్చురీలో ఉంచి ఎవరూ రాకపోతే ఖననం చేస్తారు. పైన స్టేషన్‌లో మిస్సింగ్ కేసు తెరిచే ఉంటుంది, కింద స్టేషన్‌లో అనామక శవం కేసు మూసేస్తారు. ఒకప్పుడు రెండు జిల్లాల ఎస్పీలతో పోయే డెల్టా 2022 ఏప్రిల్‌లో ఐదు జిల్లాల మధ్య పంచుకోబడింది. పైగా గౌతమి ఒడ్డున యానాం ఉంది. అటు ఒడ్డున శవం తేలితే పుదుచ్చేరి పోలీసుల పద్దు. పట్టాల పక్కన దొరికితే రైల్వే పోలీసుల పద్దు. తలుపు తలుపుకీ వేరే రిజిస్టరు. ఆన్‌లైన్‌లో మిస్సింగ్ మనుషులనూ అనామక శవాలనూ వెతుక్కునే పోర్టళ్లు ఉన్నాయి. వాటిలో ఫొటో నీళ్లలో మూడు రోజులు నానిన మొహానిది. గుర్తుపట్టడానికి ఉపయోగపడేది పచ్చబొట్టు, మొలతాడు, చొక్కా కాలరు మీద టైలరు లేబులు. ఫిర్యాదులో పచ్చబొట్టు సంగతి రాయించకపోతే రెండు కాగితాలూ కలవవు.

ఆధార్ వేలిముద్రలతో శవాన్ని పోల్చవచ్చు కదా అన్న ప్రశ్న తరచూ వస్తుంది. ఆధార్ చట్టం 29వ సెక్షన్ ప్రకారం ఆ వేలిముద్రలు ఎవరికీ ఇవ్వడానికి లేదు. బతికున్నవాళ్లకు మాత్రం అది అనుకోకుండా ఉపయోగపడుతోంది. ఆశ్రమంలో ఉన్న మాటరాని పిల్లవాడికి కొత్త ఆధార్ కోసం వేలిముద్ర తీస్తే ముందే ఒకటి ఉందని దరఖాస్తు తిరస్కరణ వస్తుంది. ఆ పాత కార్డు దారి పట్టుకుని ఇల్లు చేరిన పిల్లలు దేశంలో చాలామందే ఉన్నారు. కనబడకుండా పోయినవాళ్ల బంధువుల డీఎన్‌ఏకి ఒక సూచిక ఏర్పాటు చేయాలన్న బిల్లు 2019లో లోక్‌సభకు వచ్చి 2023లో వెనక్కి వెళ్లిపోయింది.

ఏడేళ్లా పన్నెండేళ్లా

1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుపాను వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది. భైరవపాలెం, బలుసుతిప్ప లాంటి ఊళ్లలో వేటకు వెళ్లినవాళ్లు పడవలతో సహా తిరిగి రాలేదు. వందల మంది శవాలు దొరకలేదు. 2019 సెప్టెంబరు 15న డెల్టాకు ఎగువన కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ట బోటు మునిగినప్పుడు ఆ బోటును బయటికి లాగడానికే అక్టోబరు 22 దాకా పట్టింది. అప్పటికీ కొందరి ఆచూకీ లేదు. ఇలాంటి చోట ఎవరికీ సిగ్గు లేదు, ఎవరూ దాచలేదు. అయినా శవం లేని చావును నిరూపించడం ఇంటివాళ్ల మెడకే చుట్టుకుంటుంది.

చట్టం చెప్పేది ఏడేళ్లు. 1872 సాక్ష్య చట్టంలో 108వ సెక్షన్, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమంలో 111. ఏడేళ్లపాటు, మామూలుగా కబురు అందాల్సినవాళ్లకు కబురు అందకపోతే అతను బతికే ఉన్నాడని వాదించేవాడే దాన్ని రుజువు చేసుకోవాలి. అంతే. ఏడేళ్లు నిండిన మర్నాడు మరణ ధ్రువపత్రం దానంతట అది చేతికి రాదు. సివిల్ కోర్టులో దావా వేసి డిక్రీ తెచ్చుకోవాలి. ఎల్‌ఐసీ, అనూరాధ కేసులో 2004లో సుప్రీంకోర్టు ఇంకో మెలిక తేల్చింది. చనిపోయాడని ఊహించవచ్చు గానీ ఫలానా తేదీన చనిపోయాడని ఊహించడానికి లేదు. అంటే ఆ ఏడేళ్లూ ప్రీమియం ఆపేస్తే పాలసీ మురిగిపోతుంది. మొగుడు లేక కూలికి వెళ్లే మనిషి, అతను చచ్చాడో బతికాడో తెలియక ముందే అతని పేరు మీద ఏడేళ్లు ప్రీమియం కట్టాలన్న మాట.

పెద్ద విపత్తుల్లో ప్రభుత్వం తలుచుకుంటే ఈ నిరీక్షణ తగ్గించగలదు. 2013 ఉత్తరాఖండ్ వరదల తర్వాత ఏడేళ్లు ఆగకుండానే విచారణ జరిపి ధ్రువపత్రాలు ఇచ్చారు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి కనబడకపోతే ఎఫ్‌ఐఆర్ ఇచ్చిన ఆరు నెలల తర్వాత కుటుంబ పెన్షన్ మొదలుపెట్టవచ్చు. ఒక్కడే తెప్ప వేసుకుని వేటకు వెళ్లి రాని మనిషి భార్యకు ఈ రెండు దారుల్లో ఏదీ లేదు. ఆఫీసు గుమాస్తాకు ఆరు నెలల్లో వచ్చే నమ్మకం బెస్తవాడి విషయంలో ఏడేళ్లకు గానీ రాకపోవడానికి న్యాయమైన కారణం కనిపించదు.

సంప్రదాయం గడువు ఇంకా పొడుగు. దేశాంతరం పోయి జాడ తెలియని మనిషి కోసం పన్నెండేళ్లు ఎదురుచూసి, ఆ పైన మోదుగాకులతో, దర్భలతో మనిషి ఆకారం చేసి దహనం చేయించి కర్మ జరిపించాలంటారు పురోహితులు. ఆ పన్నెండేళ్లూ భార్య బొట్టూ గాజులూ ఉంచుకోవాలి. ఉంచుకుంటే వితంతు పెన్షన్ అడగలేదు, తీసేస్తే అత్తగారు ఊరుకోదు. 1996 తర్వాత తీరం ఊళ్లలో చాలా ఇళ్లలో కొడుకు ఏదో ఒడ్డున బతికే ఉన్నాడని తల్లీ, ఇక రాడని భార్యా నమ్మారు. నష్టపరిహారం తీసుకోవడమంటే చచ్చాడని ఒప్పుకోవడమే గనక ఆ సంతకం దగ్గర ఇళ్లు చీలాయి.

మళ్లీ పెళ్లి సంగతికి వస్తే, ఏడేళ్లు కబురు లేకపోతే 1955 హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్ కింద విడాకులు అడగొచ్చు. విడాకులు తీసుకోకుండా, ఏడేళ్లయింది గదా అని పెళ్లి చేసుకున్నా రెండో పెళ్లి నేరం కింద ఆవిడను శిక్షించరు. పాత ఐపీసీ 494లోనూ, కొత్త న్యాయ సంహిత 82లోనూ ఆ మినహాయింపు ఉంది. కాకపోతే కొత్త భర్తకు నిజం ముందే చెప్పి ఉండాలి. నేరం కాకపోవడం వేరు, ఆ పెళ్లి చెల్లడం వేరు. బెంగళూరులో తొమ్మిదేళ్లు హోటల్ పని చేసిన మొదటి భర్త అప్పుల గడువు తీరిందనుకుని ఒకరోజు గుమ్మంలో దిగితే రెండో పెళ్లి చట్టం ముందు నిలవదు, ఆ పిల్లల ఆస్తి హక్కుల మీద దావాలు మొదలవుతాయి. అందుకే లాయర్లు ముందు డిక్రీ తెచ్చుకోమంటారు. దానికి పట్టే కాలం, అయ్యే ఖర్చు చూసి చాలామంది ఆ జోలికి పోరు. అర్హత కుదిరితే ఒంటరి మహిళ పెన్షన్‌కి సచివాలయంలో దరఖాస్తు పెట్టుకుంటారు. 2024 జూలై నుంచి అది నెలకు 4,000 రూపాయలు.